పటం ఉంది, కథకుడు కావాలి

ములుగు నుంచి హైదరాబాదుకు సుమారు 200 కిలోమీటర్లు. మా వైపు బడుల నుంచి విహారయాత్రకు వెళ్ళే బస్సు తెల్లవారకముందే కదిలితే, చార్మినారుకూ జూపార్కుకూ నడుమ సాలార్‌జంగ్ మ్యూజియానికి గంటో గంటన్నరో దొరుకుతుంది. పిల్లలు వరసకట్టి నడుస్తారు. ‘ముసుగు రెబెక్కా’ శిల్పం దగ్గర కాసేపు నిలబడతారు. గంటలు కొట్టే గడియారం ముందు ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుంటారు. యూరపు చిత్రాలున్న గదుల్లోంచి మాత్రం ఆగకుండా వెళ్ళిపోతారు. పడమటి కళతో మన జిల్లా పిల్లల్లో చాలామందికి కలిగే పరిచయం అంతవరకే.

ఆ పరిచయం అంత పలచగా మిగిలిపోవడం నాకు బాధ. తూర్పు దేశంలో ఒక ధనికుడు తన సొంత డబ్బుతో పడమటి దేశాల చిత్రాలు, శిల్పాలు కొని తెచ్చాడు. ఆయన తరవాత అవి జనానివయ్యాయి. ఇంత జరిగాక జనానికి నిజంగా దక్కిందేమిటి? ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు, జపాన్‌కూ ఉంది. అక్కడ మిల్లుల యజమానులు, ఓడల తయారీదారులు, టైర్ల కంపెనీవాళ్ళు, సౌందర్య సాధనాల వ్యాపారులు ఇదే పని చేశారు. వాళ్ళ అనుభవాన్నీ మన అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మనం ఎక్కడ ఆగిపోయామో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట కురషికి. పశ్చిమ జపాన్‌లో ఒకాయామా దగ్గరి ఊరు. 1920ల మొదట్లో అది నగరం కూడా కాదు. ఒహారా మగొసబురో (1880–1943) అక్కడి నూలు మిల్లు యజమాని. తండ్రి కాలం నుంచి వచ్చిన మిల్లును పెద్దది చేశాడు. ఆ రాబడితో అనాథ పిల్లల ఆశ్రమానికి అండగా నిలిచాడు, ఆసుపత్రి కట్టించాడు, శ్రామికుల బతుకు మీద పరిశోధన చేసే సంస్థను 1919లో పెట్టాడు. ఆయన చదువు చెప్పించిన ఒక యువ చిత్రకారుడు కొజిమా తొరజిరో (1881–1929). ఒహారా డబ్బుతోనే కొజిమా 1908లో యూరపు వెళ్ళి బెల్జియంలోని గెంట్ నగరంలో చిత్రలేఖనం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేముందు యజమానికి ఉత్తరం రాశాడు. ఎడ్మాన్ అమాన్-జాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు గీసిన ‘కురులు’ అనే చిత్రాన్ని కొనమని అడిగాడు. తన ముచ్చట తీర్చుకోవడానికి కాదు. యూరపు వెళ్ళలేని జపాను చిత్రకారులకు ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలని. ఒహారా సరేనన్నాడు. ఆ సంగ్రహంలో మొదటి చిత్రం అదే.

తరవాత కొజిమా మళ్ళీ రెండుసార్లు యూరపు వెళ్ళాడు, ఈసారి కొనుగోలు కోసమే. 1920లో క్లోద్ మోనే ఇంటికే వెళ్ళి, ఆయన చేతిమీదుగా ‘నీటికలువలు’ చిత్రాన్ని తెచ్చాడు. మతీస్ చిత్రం తెచ్చాడు. 1922లో పారిస్‌లో ఎల్ గ్రెకో గీసిన ‘దేవదూత శుభవార్త’ అమ్మకానికి కనబడితే, అంత పెద్ద మొత్తం కోసం ఊరికి కబురు పంపి, అనుమతి తెప్పించుకుని కొన్నాడు. ఇవి మనకు పుస్తకాల్లో తెలిసే సంగతులు. నన్ను పట్టి నిలబెట్టేది మరొకటి. 1921లో, మ్యూజియం అన్న మాట ఇంకా ఎక్కడా లేనప్పుడు, ఆ చిత్రాలను కురషికిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పెట్టి జనానికి చూపించారు. మోనే, మతీస్ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు. వాళ్ళ చిత్రాలను చూడ్డానికి దేశం నలుమూలల నుంచీ జనం రైళ్ళెక్కి ఆ చిన్న ఊరికి వచ్చారు. 1929లో కొజిమా చనిపోయాక, ఆయన జ్ఞాపకంగా 1930లో ఒహారా మ్యూజియం కట్టించాడు. ముందు వైపు గ్రీకు గుడి లాంటి స్తంభాలు, పక్కన పాత గిడ్డంగులూ కాలువా. జపాన్‌లో పడమటి కళకు పుట్టిన తొలి ప్రైవేటు మ్యూజియం ఇదే, ఇప్పటికీ నడుస్తోంది.

రెండో కథ మత్సుకాతా కొజిరోది (1866–1950). కోబేలోని కవసాకి ఓడల కంపెనీకి అధిపతి. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడలమ్మి సంపాదించిన డబ్బుతో లండన్, పారిస్ నగరాల్లో చిత్రాలూ రోదాఁ శిల్పాలూ విరివిగా కొన్నాడు. టోక్యోలో పెద్ద ప్రదర్శనశాల కడదామనుకున్నాడు. 1927లో బ్యాంకులు కూలాయి, కంపెనీ దెబ్బతింది, జపాన్‌కు చేరినవి చెల్లాచెదరుగా అమ్ముడయ్యాయి. లండన్ గిడ్డంగిలో ఉన్నవి 1939 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. పారిస్‌లో మిగిలినవాటిని యుద్ధం ముగిసే వేళకు శత్రుదేశపు ఆస్తిగా ఫ్రాన్సు స్వాధీనం చేసుకుంది. చివరికి సుమారు 370 కళాఖండాలను తిరిగి ఇచ్చింది, వాటికి సరైన మ్యూజియం కట్టాలన్న షరతు మీద. వాన్ గో గీసిన ఆర్ల్ పడకగది చిత్రం లాంటివి కొన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. అలా 1959లో టోక్యోలోని ఉయెనోలో జాతీయ పాశ్చాత్య కళల మ్యూజియం తెరుచుకుంది. భవనాన్ని రూపొందించింది మన చండీగఢ్‌ను రూపొందించిన ల కార్బూజియేనే. 2016లో రెండు చోట్ల కట్టడాలూ ఒకే జాబితా కింద యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేరాయి.

మిగిలినవాటి గురించి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల స్థాపకుడు ఇషిబషి షొజిరో 1952లో టోక్యో నడిబొడ్డున తన సంగ్రహాన్ని తెరిచాడు. 2020 నుంచి దాని పేరు ఆర్టిజాన్. హకొనే కొండల్లో 2002లో వచ్చిన పోలా మ్యూజియం సౌందర్య సాధనాల కంపెనీ యజమాని జీవితమంతా కూడబెట్టినది. 1980ల చివర జపాన్ డబ్బుతో ఉబ్బిపోయిన రోజుల్లో, 1987లో ఒక బీమా కంపెనీ వాన్ గో ‘పొద్దుతిరుగుడు పూలు’ కొని టోక్యోలో జనం ముందు పెట్టింది. 1990లో ఒక కాగితం మిల్లు యజమాని అదే చిత్రకారుడి ‘డాక్టర్ గాషే’ చిత్రానికి 8 కోట్ల 25 లక్షల డాలర్లు పోశాడు. ఆ చిత్రం ఆ తరవాత ఏళ్ళ తరబడి జనం కంటబడలేదు. ఒకే దేశం, మూడేళ్ళ ఎడం, ఒకే చిత్రకారుడు. ఒక చిత్రం అందరిదైంది, ఇంకొకటి బీరువాలోకి పోయింది. ప్రైవేటు సంగ్రహానికి ఈ రెండు దారులూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

జనం కోసం తెరిచినది కూడా శాశ్వతమని నమ్మడానికి లేదు. చీబా ప్రాంతంలోని సకురాలో సిరాల కంపెనీ డీఐసీ 1990లో కవమురా మ్యూజియం పెట్టింది. మార్క్ రోత్కో చిత్రాలకు ప్రత్యేకంగా ఒక గది ఉండేది. సంగ్రహాన్ని కంపెనీ ఆస్తి లెక్కల్లో వేసి చూసుకున్నాక, 2025 మార్చి చివరతో ఆ మ్యూజియం మూతపడింది. ప్రైవేటు యజమాని దాతృత్వాన్ని మెచ్చుకుందాం, కానీ దాని మీదే ఆధారపడి ఊరుకోకూడదు.

ఇక హైదరాబాదు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883 దాకా నిజాం దగ్గర దివాను. 1876లో యూరపు వెళ్ళినప్పుడు రోమ్ నుంచి ముసుగు రెబెక్కాను తెచ్చాడు. ఆయన మనుమడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. ఒహారాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. 1912 నుంచి 1914 వరకు మాత్రమే దివానుగా ఉన్నాడు. ఆ తరవాత 1949లో చనిపోయేదాకా కళావస్తువులు సేకరించడమే ఆయన లోకం. పెళ్ళి చేసుకోలేదు. చైనా పింగాణీ, పర్షియా రాతప్రతులు, జపాను కత్తులు, సత్సుమా పాత్రలు, ఫ్రాన్సు బల్లలు, కుర్చీలు, వెనిస్, బొహీమియా గాజు సామాన్లు, ఇటలీ, ఇంగ్లండ్ చిత్రాలు ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోకి వచ్చి చేరాయి. ఇప్పుడు మ్యూజియంలో ఉన్న కళావస్తువులు సుమారు 43,000. ఇన్ని దేశాలవి ఒకే ఇంటి సంగ్రహంగా ఇలా నిలవడం ఎక్కడైనా అరుదే.

ఈ డబ్బు ఎక్కడిది? ఒహారాది నూలు మిల్లు కార్మికుల చెమట, సాలార్‌జంగ్‌ది జాగీరు రైతులు కట్టిన శిస్తు. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. ఆ గదుల్లోకి అడుగుపెట్టే తెలంగాణ పల్లెవాసి అతిథిగా బెదురుతూ నడవనక్కర్లేదని చెప్పడానికి. తాతముత్తాతలు ముందే మూల్యం కట్టేశారు.

మూడో సాలార్‌జంగ్ చనిపోయేనాటికి ఆ వస్తువులన్నీ దేవిడీలో చిందరవందరగా ఉన్నాయి. వాటిని ఒక వరసలో అమర్చే పనిని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఆయన ఐర్లండ్ కవి, అనిబిసెంట్ పిలుపు మీద భారతదేశం వచ్చి మదనపల్లె కళాశాలలో పనిచేసినవాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో బస చేసినప్పుడు ఆతిథ్యం ఇచ్చింది కజిన్స్ దంపతులే. అదే ఏడు ఆయన జపాన్ వెళ్ళి టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పాడు. ఆ తరవాత మైసూరు, తిరువనంతపురం చిత్రశాలలను అమర్చాడు. కురషికిలో చిత్రాలు బడిగోడలకు ఎక్కబోతున్న కాలంలో జపాన్‌ను చూసి వచ్చిన మనిషి చేత్తో మన సాలార్‌జంగ్ మ్యూజియానికి తొలి రూపం వచ్చిందన్నమాట. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని దివాన్ దేవిడీలో ప్రారంభించారు. వారసులతో ఒప్పందం కుదిరాక 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలోని ఇప్పటి భవనానికి తరలించారు. టోక్యోలో 1959, హైదరాబాదులో 1961. ఒకరి సొంత సొత్తు దాదాపు ఒకే కాలంలో రెండు చోట్లా దేశం సొత్తయింది.

ఇంతవరకు రెండు కథలూ ఒకటే. తేడా ఎంపికలో ఉంది. కొజిమా మోనే తోటలో నిలబడి చిత్రం ఎంచుకుంటున్న ఏళ్ళలోనే మూడో సాలార్‌జంగ్ కూడా విరివిగా కొంటున్నాడు. అయినా మన మ్యూజియంలో మోనే లేడు, సెజాన్ లేడు, మతీస్ లేడు. కానలెట్టో పేరున ఉన్న వెనిస్ సెయింట్ మార్క్ చౌరస్తా చిత్రం, ఫ్రాంచెస్కో హయేజ్ ‘సబ్బు బుడగలు’, విక్టోరియా కాలపు ఇంగ్లండ్ చిత్రకారుల పనులు ఉన్నాయి. దొరల ఇళ్ళ అలంకరణకు నప్పే అభిరుచి అది. నున్నటి పనితనం, కథ ఉన్న బొమ్మ, మెరిసే వస్తువు. సాలార్‌జంగ్‌కు రుచి లేదని నేననను. దంతపు పనిలో, గాజులో, రాతప్రతుల్లో ఆయన చూపు గొప్పది. కానీ యూరపు చిత్రాల విషయంలో ఆయన పక్కన కొజిమా లాంటి చిత్రకారుడు లేడు. ‘నా ఊరి చిత్రకారుడు దీన్ని చూసి ఏం నేర్చుకుంటాడు’ అన్న ప్రశ్నతో కొన్న మనిషి చేతికి మోనే దొరికాడు. ‘నా గదిలో ఏది అందంగా ఉంటుంది’ అన్న ప్రశ్నతో కొన్న మనిషి చేతికి హయేజ్ దొరికాడు. నాకు కనిపించే ముఖ్యమైన భేదం ఇదే.

అయితే ఉన్నదాన్ని సరిగ్గా చూడటం కూడా మనకింకా మిగిలే ఉంది. ముసుగు రెబెక్కానే తీసుకోండి. చెక్కినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని (1809–1873). తెలుగు బైబిలు చదివినవాళ్ళకు తెలిసిన రిబ్కాయే ఈమె. పెళ్ళాడబోయే ఇస్సాకు దూరంగా కనబడగానే ఒంటె దిగి ముసుగు వేసుకున్న ఆ ఘడియ ఇక్కడ పాలరాయి అయింది. బెంజోని ఈ రూపాన్ని ఒక్కసారే చెక్కలేదు, అమెరికా మ్యూజియాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఆ కాలంలో ముసుగు బొమ్మలంటే ఇటలీ శిల్పులకు మోజు, మోంటి, స్ట్రాజా లాంటివాళ్ళూ చెక్కారు. కాబట్టి ప్రపంచంలో మరొకటి లేని వింత అని పిల్లలకు చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది రాతిలోంచి ముఖం ఎలా కనిపిస్తోందన్నది. రాయి ఎక్కడా పారదర్శకం కాదు. గుడ్డ ముడతలు పడేచోట శిల్పి అంచులను పదునుగా పైకి లేపాడు, ముక్కు, పెదవి, గడ్డం దగ్గర గుడ్డ ఒంటికి అతుక్కున్నట్టు పలచగా నునుపు చేశాడు. వెలుతురు ఆ రెండింటి మీదా వేరువేరుగా పడుతుంది. మిగతా పని మన కన్ను చేస్తుంది.

ఇక్కడే ములుగు పిల్లలకు మరెవరికీ లేని ఆధిక్యం ఉంది. పాలంపేట రామప్ప గుడి మన జిల్లాలోదే. 1213లో రేచర్ల రుద్రుడు మొదలుపెట్టించిన ఆ గుడి 2021 జులైలో యునెస్కో జాబితాకెక్కింది. చూరు కింద నిలబడ్డ మదనికలు నల్లటి డోలరైటు రాతివి. పాలరాయి మెత్తన, ఉలికి లొంగుతుంది. ఇది ఉలిని తిప్పికొట్టేంత గట్టిరాయి. ఆ రాతిలో నాగిని ఒంటి మీద పాము మెలికలు, ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న స్త్రీ, మెడలో దండల మధ్య సందులు చెక్కారు. చెక్కి అద్దంలా మెరుగుపెట్టారు. బెంజోని రాయిని గుడ్డగా భ్రమింపజేశాడు. రామప్ప శిల్పులు రాయిని రాయిగానే ఉంచి నాట్యం చేయించారు. మదనిక ఒంపులోంచి మన నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోశారంటే ఆ రాతిలో కదలిక ఎంతుందో తెలుస్తుంది. రెబెక్కా నిశ్చలం. ఆమె మొత్తం కళ ఆగిపోవడంలో ఉంది. ఏది గొప్ప అని తేల్చనక్కర్లేదు. రామప్పను చూసిన కన్నుతో రెబెక్కా ముందు నిలబడితే, రెండూ ఇంకా బాగా కనిపిస్తాయి. హైదరాబాదు పిల్లలకంటే పాలంపేట పిల్లలు ఈ పోలికకు దగ్గరగా ఉన్నారు.

సాలార్‌జంగ్‌లోని మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల జంట బొమ్మ సంగతీ అంతే. సికమోర్ చెక్క దుంగలో ముందు వైపు పొగరుగా నిలబడ్డ దయ్యం, వెనక వైపు తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టడంతో ఇద్దరినీ ఒకేసారి చూడొచ్చు. గేటే రాసిన ఫౌస్ట్ కథ తెలియనివాడికి అది చెక్కపనిలో గారడీ. ఆత్మను అమ్ముకున్న పండితుడి వల్ల నాశనమైన అమ్మాయి అని తెలిస్తే, ఆ వంచిన తల బరువు వేరు.

పడమటి కళ తెలుగు నేలకు వచ్చిన దారి ఇదొక్కటే కాదు. వికారుల్ ఉమ్రా కట్టించి ఆరో నిజాంకు అప్పగించిన ఫలక్‌నుమాలో యూరపు ఫర్నిచరు, చిత్రాలు, దీపాలు ఎన్నో ఉన్నాయి. 2010 నుంచి అది విలాసవంతమైన హోటలు, మామూలు మనిషికి గడప ఎత్తు. దానికి పూర్తి ఎదురుగా మెదక్ చర్చి. కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి పోస్నెట్ అనే ఇంగ్లండ్ ఫాదరీ కట్టించిన గుడి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని రంగుటద్దాల కిటికీలను రూపొందించింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం. బయట ఎండ ఉంటేనే ఆ రంగులు పలుకుతాయి. మతంతో పనిలేకుండా జనం వేలల్లో వచ్చి చూస్తారు, ఏ బొమ్మ ఏమిటో ఒకరికొకరు చెప్పుకుంటారు. తెలంగాణలో యూరపు చిత్రకళ నిజంగా పల్లె జనం సొత్తయిన చోటు ఏదంటే, సాలార్‌జంగ్‌కంటే ముందు నేను మెదక్ పేరే చెబుతాను. అక్కడ చిత్రం కథతో కలిసి ఉంది.

మూడో దారి చిత్రకారులది. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపించాడు. కొజిమాకు ఒహారా ఎలాగో దామెర్లకు కూల్డ్రే అలాగ, అంత సంపద మాత్రం లేదు. యూరపు పద్ధతిలో శరీరాన్ని గీయడం నేర్చి గోదావరి మనుషులను గీసిన దామెర్ల 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచితో చనిపోయాడు. ఆయన చిత్రాలున్న గ్యాలరీ రాజమండ్రిలో ఉంది. మన వైపు కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వెళ్ళిన పాకాల తిరుమల్ రెడ్డి అదే బొంబాయి కళాశాలలో చదివి, పికాసో తరవాతి పడమటి పోకడలను తన కుంచెలోకి తెచ్చుకున్నాడు. ఇద్దరూ పడమటి కళను కొనలేదు, నేర్చుకున్నారు.

దాన్ని తెలుగులో చెప్పినవాడు సంజీవదేవ్ (1914–1999). హిమాలయాల్లో రష్యా చిత్రకారుడు రోరిక్‌తో స్నేహం చేసి, దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలోనే ఉంటూ, తూర్పు పడమరల చిత్రకళ గురించి జీవితమంతా వ్యాసాలు రాశాడు. కళను తెలుసుకోవడానికి నగరం అక్కర్లేదని చూపించాడు. ఆయన చేసిన పనిని మ్యూజియాల గోడల దగ్గరికి తెచ్చినవాళ్ళే తక్కువ. పలక మీద పేరు, దేశం, శతాబ్దం రాస్తే చిత్రం గురించి చెప్పినట్టు కాదు.

మన ప్రాంతంలో బొమ్మను ఎన్నడూ ఒంటరిగా వదల్లేదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో గీసిన పటం మూరల కొద్దీ పొడుగు. కులపురాణం చెప్పే కళాకారులు దాన్ని ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపుతూ, రాత్రంతా పాడతారు. మన జిల్లా కోయలకు పడిగెలున్నాయి. గోత్రం కథ బొమ్మలుగా కుట్టిన గుడ్డ జెండాలు అవి. డోలి కళాకారులు వాటిని పట్టుకుని ఇలవేల్పుల కథ చెబుతారు. మేడారం సమ్మక్క సారలమ్మల కథ పాడిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పటం, పడిగె రెండింటిలోనూ నియమం ఒకటే. బొమ్మ ముందు పాడేవాడు లేకపోతే ఆ బొమ్మ పని చేయదు. సాలార్‌జంగ్ పడమటి విభాగంలో కొరవడినది ఈ మనిషి. సంగ్రహం పెద్దది, భవనం పెద్దది, వచ్చే జనం లెక్కలేనంత. రిబ్కా ఎవరో, మార్గరెట్టాకు ఏమైందో, వెనిస్ చౌరస్తాలో అంత వెలుతురు ఎందుకు గీశాడో కూర్చోబెట్టి మన మాటల్లో చెప్పే కథకుడు ప్రతి గదికీ కావాలి. జీతమిచ్చి, శిక్షణనిచ్చి పెట్టాలి. డోలి ఇళ్ళ నుంచీ పటం కథల ఇళ్ళ నుంచీ వచ్చిన యువకులకు ఈ పని ఇస్తే వాళ్ళంత బాగా చేసేవాళ్ళు దొరకరు.

మరి ములుగులోనే ఏదైనా చేయగలమా? అసలు చిత్రాలు రావు, అది నిజం. కానీ నకళ్ళను చిన్నచూపు చూడకూడదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ళున్నాయి. అజంతా నాడు నిజాం రాజ్యంలోదే. సయ్యద్ అహ్మద్ లాంటి హైదరాబాదు చిత్రకారులు గుహల్లో నెలల తరబడి కూర్చుని వాటిని గీశారు. జపాను చిత్రకారుడు అరాయ్ కంపో కూడా 1910ల చివర అదే గుహల్లో అజంతాను గీసుకుని టోక్యో తీసుకెళ్ళాడు. ఆ ప్రతులు 1923 భూకంపంలో నాశనమయ్యాయి. 1998లో జపాన్‌లోని నరుతోలో ఒత్సుకా ఔషధ కంపెనీవాళ్ళు ఏకంగా నకళ్ళ మ్యూజియమే కట్టారు. సిస్టీన్ గుడి కప్పు నుంచి పికాసో దాకా వెయ్యికి పైగా పడమటి చిత్రాలను అసలు కొలతల్లోనే పింగాణీ పలకల మీద అచ్చువేశారు. ముట్టుకుని చూడొచ్చు. అసలైనవి కావని తెలిసే జనం వస్తారు, ఎందుకంటే అసలు కొలతలో చూడడమే కొత్త అనుభవం. పుస్తకంలో అరచేయంత ఉన్న చిత్రం ఎదురుగా ఆరడుగులు లేచి నిలబడితే కన్ను వేరేలా పనిచేస్తుంది.

అంత ఖర్చు మనకు అక్కర్లేదు. ములుగు ఉన్నత పాఠశాలలో ఒక హాలు, మంచి గుడ్డ మీద నిజమైన కొలతలతో అచ్చువేసిన పది చిత్రాలు, చెప్పడం వచ్చిన ఇద్దరు మనుషులు చాలు. దాదాపు శతాబ్దం కిందటో అంతకుముందో చనిపోయినవాళ్ళ చిత్రాలు ఎంచుకుంటే హక్కుల కోసం ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. మేడారం జాతర ఏడాది అక్కడికే తీసుకెళ్ళవచ్చు. మిగతా కాలం బడి నుంచి బడికి, ఏటూరునాగారం, తాడ్వాయి, వెంకటాపురం వరకు. కురషికి 1921లో చేసింది ఇదే, అసలు చిత్రాలతో. పిల్లలు ముందు ఈ హాల్లో చూసి, కథ విని, ఆ తరవాత హైదరాబాదు బస్సెక్కితే, యూరపు గదుల్లోంచి ఆగకుండా వెళ్ళిపోరు.

మొదట వేలాడదీయవలసిన చిత్రం ఏదని నన్నడిగితే మోనే ‘నీటికలువలు’ అంటాను. మోనే జపాను చెక్క అచ్చు బొమ్మలను ప్రాణంగా దాచుకున్నాడు. తన తోటలో జపాను వంతెన కట్టించి, చెరువు తవ్వించి, కలువలు నాటించి, ముసలితనమంతా ఆ నీటినే గీశాడు. జపాన్ చూపు ఫ్రాన్సు వెళ్ళి, రంగుగా మారి, కొజిమా చేతిలో మళ్ళీ జపాన్ చేరింది. ఆ చిత్రంలో ఒడ్డు లేదు, ఆకాశం నీళ్ళలోనే ఉంది, పూలు రంగు చుక్కలుగానే మిగిలాయి. కాకతీయుల చెరువుల గట్టు మీద పెరిగిన పిల్లలు దాని ముందు నిలబడి, ఆ నీళ్ళు నీళ్ళలా ఉన్నాయా లేవా, ఏ పొద్దు వెలుతురు అది, గాలి ఎటునుంచి వీస్తోంది అని వాదించుకోగలరు. ఆ వాదనలో తీర్పు చెప్పే అర్హత వాళ్ళకు ఇప్పటికే ఉంది.